నెలవంక మొదలు చంద్రయాన్ వరకు

మన తెలుగులో ‘నెల’ అనే మాటకు రెండర్థాలు కలవు. ఒకటి మాసము, రెండవది చంద్రుడు. నెలవంక, నెలబాలుడు, వెన్నెల అనే మాటలలో ఉన్నది ఈ రెండవ అర్థమే. ఉర్దూ చదువుకున్న మన విద్యార్థులకు ఇది కొత్త విషయం కాదు. ఫారసీనుండి ఉర్దూలోకి వచ్చిన ‘మాహ్’ అనే మాటకు కూడ చంద్రుడు, మాసము అనే రెండర్థాలూ ఉన్నవి. రోజులు లెక్కించుకొనడానికి మానవునికి ఆకాశంలోని చంద్రుడు తప్ప వేరొక క్యాలెండరు లేని కాలంలో పుట్టిన మాటలివి. తెలుగువాడూ, పారశీకుడూ ఒకరినొకరు ఎరుగకపోయినా ఒకే ఆకాశాన్ని చూచి ఒకే విధంగా ఆలోచించారన్నమాట.

ఒకనాడు మొదటి సంవత్సరం తరగతిలో ఈ మాటల సంగతి చెపుతుండగా ఒక విద్యార్థిని లేచి ఇట్లా అడిగింది. “సార్, ఉగాది ఏ రోజో ఏడాది ముందుగానే క్యాలెండరులో అచ్చవుతుంది. మన ఈద్ మాత్రం ముందునాటి రాత్రి దాకా తెలియదు. కువైట్‌లో ఉన్న మా అన్నయ్య, ఈ రోజు మాకు పండుగ అని ఫోన్ చేస్తాడు. ఇక్కడ మేము ఇంకా ఉపవాసంలో ఉంటాము. చంద్రుడు ఒక్కడే కదా సార్?”

నేను తెలుగు బోధించేవాడను, ఖగోళ శాస్త్రజ్ఞుడను కాను. అయినను ప్రశ్న చాలా మంచిది. ఏటేటా మన ఇండ్లలోనూ, వీధులలోనూ కొంత వాదానికి, అప్పుడప్పుడు కొంత మనస్తాపానికి కూడ కారణమయ్యే ప్రశ్న అది. నాకు తెలిసినంతవరకు చదివి, సరిచూచుకొని ఆమెకు చెప్పిన సమాధానమే ఈ వ్యాసం. నెలవంకను వెదికే కంటికీ, శ్రీహరికోటనుండి చంద్రుని వద్దకు వెళ్ళిన యంత్రానికీ గల చుట్టరికాన్ని కూడ ఇందులో చెప్పదలచినాను.

తిరుగుతున్న నేల

మన రేణిగుంట రైలు జంక్షన్. ఆగి ఉన్న బండిలో కిటికీ ప్రక్కన కూర్చున్నప్పుడు ప్రక్క పట్టాలమీది బండి కదిలితే, మన బండే కదిలిందని భ్రమపడని వారుండరు. ఆకాశం విషయంలో మానవుడు వేల సంవత్సరాలు పడిన భ్రమ దీనికి తలక్రిందులు. కదులుతున్నది తన బండియై ఉండగా, ఎదుటి బండి కదులుతున్నదని అనుకున్నాడు. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు తూర్పున ఉదయించి పడమట అస్తమించడానికి ముఖ్యకారణం మన భూమి పడమటినుండి తూర్పునకు తనచుట్టూ తాను తిరుగుతుండడమే. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు ఈ మాట చెప్పి, పడవలో పోయేవానికి ఒడ్డు వెనుకకు పోతున్నట్లు తోచడాన్ని ఉపమానంగా చూపినాడు.

ఈ భ్రమణ వేగం అల్పమైనది కాదు. భూమధ్యరేఖపై నిలుచున్నవాడు గంటకు సుమారు 1,670 కి.మీ. వేగంతో తూర్పునకు పోతుంటాడు. ధ్రువాలవైపు పోయినకొద్దీ వేగం తగ్గుతుంది. మన రేణిగుంట భూమధ్యరేఖకు ఉత్తరంగా 13½ డిగ్రీలు దాటి ఉన్నది కనుక మన వేగం గంటకు సుమారు 1,620 కి.మీ. ఇంటి అరుగుమీద కూర్చున్నవాడు కూడ ఏ రైలూ అందుకోలేని వేగంతో ప్రయాణిస్తున్నాడు. గాలి, నేల, చెట్టు, చేమ అన్నీ కలిసి పోతుండుటచేత మనకు అది తెలియడంలేదు. ఈ సంఖ్యను గుర్తుంచుకొనండి, రాకెట్టు సంగతి వచ్చినప్పుడు దీనితో పని ఉన్నది.

అమావాస్య అనగా ఏమి?

చంద్రుడు మనకు సగటున 3,84,400 కి.మీ. దూరంలో ఉన్నాడు. అతని వ్యాసం సుమారు 3,475 కి.మీ., అనగా భూమి వ్యాసంలో నాలుగవ వంతుకు కొంచెం ఎక్కువ. అతనికి స్వయంప్రకాశం లేదు. సూర్యకాంతి పడిన సగం వెలుగుతుంది, రెండవ సగం చీకటిలో ఉంటుంది. వెలిగిన సగంలో మనవైపునకు తిరిగిన భాగమెంతో, మనకు కనబడే చంద్రుడు అంత.

నక్షత్రాల మధ్య ఒక చోట కనబడిన చంద్రుడు భూమిని చుట్టి మరల అదే నక్షత్రం వద్దకు రావడానికి 27 రోజుల 8 గంటలు పట్టుతుంది. కాని అమావాస్యనుండి అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. రెండు రోజులకు పైగా ఈ తేడా ఎందుకు వచ్చింది? చంద్రుడు ఒక చుట్టు తిరిగి వచ్చేలోపల భూమి ఊరక ఉండదు, సూర్యుని చుట్టూ తన దారిలో కొంత ముందుకు సాగుతుంది. అందువలన మనకు సూర్యుడు 27 డిగ్రీలు జరిగినట్లు కనిపిస్తాడు. ఆ దూరాన్ని కూడ నడిచి సూర్యుని కలుసుకొనడానికి చంద్రునికి మరి రెండు రోజులు కావలెను. నెలకు ఒకసారి 29 రోజులు, ఒకసారి 30 రోజులు రావడానికి మూలం ఈ 29½ రోజుల లెక్కయే.

‘అమావాస్య’ అనే సంస్కృత పదంలో ‘అమా’ అనగా కలిసి, ‘వాస్య’ అనగా వసించుట. సూర్యచంద్రులు ఒకే చోట కలిసి ఉండే సమయమని భావం. ఖగోళశాస్త్రం చెప్పే నిర్వచనం కూడ సరిగా ఇదే. ఆ సమయంలో చంద్రుడు సూర్యునివైపే ఉంటాడు, అతని వెలిగిన ముఖం మనకు కనబడదు. చంద్రుని కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉండుటచేత చాలా అమావాస్యలలో అతడు సూర్యునికి కొంచెం పైగానో క్రిందుగానో దాటిపోతాడు. సరిగా అడ్డుగా వచ్చిననాడే సూర్యగ్రహణం.

అమావాస్య అన్నది ఒక క్షణం. ఆ క్షణాన్ని శాస్త్రజ్ఞులు వందల సంవత్సరాలు ముందుగా లెక్కకట్టి చెప్పగలరు. ఇందులో వాదానికి తావు లేదు. కాని అమావాస్య క్షణం వేరు, నెలవంక కంటికి కనబడడం వేరు. మన విద్యార్థిని ప్రశ్నకు సమాధానం ఈ రెండింటి నడుమనే ఉన్నది.

అమావాస్య దాటిన పిదప చంద్రుడు రోజుకు సుమారు 12 డిగ్రీల చొప్పున సూర్యునినుండి తూర్పునకు జరుగుతాడు. మొదటి సాయంత్రం వెలిగిన భాగం చంద్రబింబంలో నూటికి ఒక పాలుకంటె తక్కువగా ఉండవచ్చును. పైగా సూర్యుడు అస్తమించిన కొద్దిసేపటికే చంద్రుడు కూడ అస్తమిస్తాడు. ఆ సన్నని గీత సంధ్యాకాంతిలో మునిగిపోతుంది. సూర్యచంద్రుల మధ్య కోణం సుమారు 7 డిగ్రీలకు తక్కువైనప్పుడు అసలు నెలవంక రూపమే ఏర్పడదని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డాంజన్ 1930 దశకంలో నిరూపించినాడు. ఆ హద్దు దాటిన తరువాత కూడ కనబడుట, కనబడకపోవుట చంద్రుని ఎత్తుమీద, గాలిలోని ధూళిమీద, మబ్బుమీద, చూచేవాని కంటిమీద ఆధారపడి ఉంటుంది.

మూడు సాయంత్రాలు

ఈ విషయాన్ని మనమంతా అనుభవించిన మూడు సంవత్సరాలతో సరిచూద్దాము. ఈ మూడేండ్లలోనూ ఉగాది, రంజాన్ నెలకు సంబంధించిన నెలవంక ఒకే అమావాస్యను అనుసరించి వచ్చినవి.

2023లో అమావాస్య క్షణం మార్చి 21వ తేదీ రాత్రి 10 గంటల 53 నిమిషాలకు వచ్చింది. మరునాడు సూర్యోదయానికి పాడ్యమి ఉన్నది కనుక మార్చి 22న ఉగాది. ఆ సాయంత్రం మన ఊరిలో సూర్యుడు అస్తమించేసరికి చంద్రుని వయస్సు 19½ గంటలు. మన దేశంలో చాలాచోట్ల నెలవంక కనబడలేదు. మార్చి 24న మొదటి రోజా.

2024లో అమావాస్య క్షణం ఏప్రిల్ 8వ తేదీ రాత్రి 11 గంటల 51 నిమిషాలకు. అదే సమయంలో మెక్సికో, అమెరికా, కెనడాలలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది, మనకు రాత్రి. ఏప్రిల్ 9న ఉగాది. ఆ సాయంత్రం చంద్రుని వయస్సు 18½ గంటలు. రంజాన్ 29వ రోజు కూడ అదే. దేశంలో చాలాచోట్ల నెలవంక కనబడలేదు. 30 రోజాలు పూర్తిచేసి ఏప్రిల్ 11న పండుగ జరుపుకున్నాము. కేరళలో ఒక రోజు ముందుగా, 10వ తేదీననే జరిగింది.

2025లో అమావాస్య క్షణం మార్చి 29వ తేదీ సాయంత్రం 4 గంటల 28 నిమిషాలకు. మార్చి 30న ఉగాది. ఆనాటి సాయంత్రానికి చంద్రుని వయస్సు 26 గంటలకు చేరువగా ఉన్నది. నెలవంక కనబడింది. మార్చి 31న ఈద్. ఒక ఇంటి ఉగాది పచ్చడి, ప్రక్క ఇంటి షీర్‌ఖుర్మా ఒక్క రోజు తేడాతో చేతులు మారిన సంవత్సరమది.

ఈ మూడు సాయంత్రాలను ప్రక్కప్రక్కన ఉంచి చూడండి. ఉగాది ప్రతిసారీ అమావాస్య మరునాడే వచ్చింది. ఎందుచేతననగా దాని నియమం లెక్కను అనుసరించినది, సూర్యోదయానికి ఏ తిథి ఉన్నదో చూచినది. నెలవంక నియమం కంటిచూపును అనుసరించినది. 26 గంటల చంద్రుడు కనబడినాడు, 18½ గంటల చంద్రుడు చాలామందికి కనబడలేదు. రెండు నియమాలకూ ఆధారం ఒకే చంద్రుడు. అడిగిన ప్రశ్నలే వేరు. ఒకటి ‘చంద్రుడు ఎక్కడ ఉన్నాడు?’ అని అడుగుతున్నది. రెండవది ‘చంద్రుడు కనబడినాడా?’ అని అడుగుతున్నది.

ఇక కువైట్ అన్నయ్య ఫోన్ సంగతి. కువైట్ మనకు పడమట ఉన్నది. అక్కడ సూర్యాస్తమయం మనకంటె సుమారు రెండు గంటలు ఆలస్యం. ఆ రెండు గంటలలో చంద్రుడు సూర్యునినుండి మరొక డిగ్రీ దూరం జరుగుతాడు. కనబడేదీ కనబడనిదీ అయిన హద్దున ఉన్న నెలవంకకు ఆ ఒక్క డిగ్రీ చాలును. కావున పడమటివారికి ముందు కనబడినదంటే మనవారు చూచుటలో పొరపడినారని అర్థం కాదు, వారు అబద్ధమాడినారని అంతకంటె కాదు. భూమి గుండ్రముగా ఉన్నందుకు ఇది సాక్ష్యం.

ఏ నియమాన్ని పాటించవలెనన్నది పెద్దలు, ఉలమాలు తేల్చవలసిన విషయం. అందులో తలదూర్చుట ఈ వ్యాసం పని కాదు. ఖగోళశాస్త్రం మనకు చేయగల సహాయం ఒకటున్నది. ఏ సాయంత్రం నెలవంక కనబడుట అసాధ్యమో, ఏ సాయంత్రం సులభమో, ఏ సాయంత్రం సందేహమో అది ముందుగా చెప్పగలదు. అమావాస్య క్షణమే రానినాడు నెలవంకను చూచినామని ఎవరైనా కబురు పంపితే, ఆ కబురును నలుగురికీ చేరవేయక ముందు ఒక్క నిమిషం ఆలోచించవచ్చును కదా.

పదకొండు రోజుల తేడా

మరొక ప్రశ్న మిగిలినది. ఉగాది ఎప్పుడూ మార్చి, ఏప్రిల్ నెలలలోనే వస్తుండగా రంజాన్ ఎండాకాలంలోనూ, చలికాలంలోనూ, వానకాలంలోనూ ఎందుకు వస్తున్నది?

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు. భూమి సూర్యుని చుట్టివచ్చే సంవత్సరం 365 రోజులకు పైన. తేడా సుమారు 11 రోజులు. హిజ్రీ సంవత్సరం ఈ తేడాను సవరించదు, అందుచేత దాని నెలలు ఏటికి 11 రోజుల చొప్పున వెనుకకు జరిగి, సుమారు 33 సంవత్సరాలలో ఋతువులన్నింటినీ చుట్టివస్తాయి. చిత్తూరు ఎండలో రోజా ఉన్నవాడే తన జీవితంలో డిసెంబరు చలిలోనూ రోజా ఉంటాడు. తెలుగు పంచాంగం ఆ తేడాను పోగుచేసి, 19 ఏండ్లకు ఏడుసార్లు ఒక అధికమాసాన్ని చేర్చి సర్దుకుంటుంది. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది ఇందువలననే. రెండు పద్ధతులలో ఒకటి సరియైనది, ఒకటి తప్పు అనడానికి లేదు. ఒకటి చంద్రునికి మాత్రమే కట్టుబడినది, రెండవది చంద్రుని, సూర్యుని ఇద్దరిని సమాధానపరచినది.

ఒకే నక్షత్రం, రెండు పేర్లు

చంద్రుని దారిలోని నక్షత్రాలను మనవారు 27 భాగాలుగా విభజించి అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి అని వరుసగా పేర్లు పెట్టినారు. అరబ్బులు అదే దారిని 28 ‘మంజిల్’లుగా, అనగా చంద్రుడు రాత్రికొకటి చొప్పున బసచేసే మజిలీలుగా విభజించినారు. చంద్రుడు 27 రోజుల కొన్ని గంటలలో చుట్టివస్తాడు కనుక ఒకరికి 27, ఒకరికి 28 వచ్చినవి. మన వరుసలో నాలుగవది రోహిణి. అరబ్బుల వరుసలో నాలుగవది అల్‌దబరాన్, అనగా వెంబడించేది. కృత్తికల వెంట వచ్చేది కనుక ఆ పేరు వచ్చింది. రెండును ఒకే ఎర్రని నక్షత్రం. ఇప్పటికీ ప్రపంచంలోని ఖగోళ గ్రంథాలలో దాని పేరు అల్డెబరాన్. మన శ్రవణా నక్షత్రానికి ఆల్టేర్ అనీ, అభిజిత్తునకు వేగా అనీ వాడే పేర్లు కూడ అరబ్బీనుండి పుట్టినవే.

ఈ రెండు సంప్రదాయాలు మన తెలుగునేలమీద ఒకే కప్పు క్రింద కూడ పనిచేసినవి. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ వద్ద నెలకొల్పిన నిజామియా వేధశాల అందుకు నిదర్శనం. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని పంచుకొని నక్షత్రాల పట్టిక తయారుచేసిన మహాకార్యంలో హైదరాబాదునకు ఒక భాగం లభించింది. ఫోటో పలకలమీద ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను ఇక్కడివారు కొలిచి అచ్చువేయించినారు. 1918నుండి 1944 వరకు టి.పి. భాస్కరన్ శాస్త్రి, ఆయన తరువాత అక్బర్ అలీ ఆ వేధశాలకు సంచాలకులు. ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడు అక్కడి దూరదర్శినితో ఆకాశం చూడడం నేర్చుకొని, నిజాం కళాశాలలో చదివి, భారత ఖగోళశాస్త్రానికి ప్రముఖుడైనాడు. ఆయనే వేణు బప్పు. తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు వద్ద ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల దూరదర్శిని 1986లో పూర్తయినప్పుడు ఆ వేధశాలకు ఆయన పేరే పెట్టినారు. మన జిల్లాకు అది ఎంతో దూరం కాదు.

అక్బర్ అలీ పూనికతో 48 అంగుళాల దూరదర్శిని హైదరాబాదు సమీపంలోని జపాల్-రంగాపూర్‌కు వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆ వేధశాలమీదుగానే సాగింది. గ్రహణం ఏ నిమిషంలో పట్టుతుందో లెక్క ముందే చెప్పింది, శాస్త్రజ్ఞులు పరికరాలతో సిద్ధంగా నిలబడి చూచినారు. లెక్క తెలిసినంతమాత్రాన ఎవరూ చూడడం మానలేదు.

మన తూర్పు దిక్కున

రేణిగుంటనుండి నేరుగా తూర్పునకు గీత గీస్తే 80 కి.మీ. లోపుననే ఆ గీత శ్రీహరికోటను తాకుతుంది. రెండు ఊళ్ళూ దాదాపు ఒకే అక్షాంశంపై ఉన్నవి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు, చిత్తూరు జిల్లాలోని మన ఊరు, నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట ఒకే జిల్లాలోనికి వచ్చినవి. పులికాట్ సరస్సునకు, బంగాళాఖాతానికి నడుమనున్న ఆ దీవిని రాకెట్టు కేంద్రానికై 1969లో ఎంపిక చేశారు.

ఎందుకు అక్కడ? మొదట చెప్పిన సంఖ్యను ఇప్పుడు జ్ఞాపకం చేసుకొనండి. భూమికి దగ్గరగా ఉండే ఉపగ్రహం క్రిందపడకుండ తిరగవలెనంటే సెకనుకు సుమారు 7.8 కి.మీ. వేగం కావలెను. శ్రీహరికోట వద్ద నేల తనంతట తానే సెకనుకు 0.45 కి.మీ. వేగంతో తూర్పునకు పోతున్నది. తూర్పునకు ప్రయోగించిన రాకెట్టునకు ఆ వేగం భూమి ఇచ్చిన కట్నం, ఇంధనం లేకుండ లభించినది. పైగా తూర్పున ఉన్నది సముద్రం. రాలిపడే దశలు జనావాసాలపై పడవు.

1979 ఆగస్టు 10న మన స్వంత ఉపగ్రహవాహక రాకెట్టు ఎస్.ఎల్.వి.-3 అక్కడినుండి మొదటిసారి లేచింది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో లోపం ఏర్పడి బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ పథకానికి నాయకుడు ఎ.పి.జె. అబ్దుల్ కలామ్. ఆనాడు పత్రికలవారి ముందుకు వచ్చి వైఫల్యానికి బాధ్యత వహించినవాడు సంస్థ అధ్యక్షుడు సతీశ్ ధావన్. పదకొండు మాసాలు తిరిగి, లోపం వెదకి, సవరించి, 1980 జులై 18న మరల ప్రయోగించినారు. 35 కిలోల ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఆ విజయాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు ధావన్ కలామ్‌నే ముందుకు పంపినారని కలామ్ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకొన్నారు. ఆ ఉపగ్రహం పేరు రోహిణి. చంద్రుని నాలుగవ మజిలీ పేరే మన స్వంత రాకెట్టుపై మన నేలనుండి లేచిన మొదటి ఉపగ్రహానికి వచ్చింది. 2002లో శ్రీహరికోట కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టినారు.

చంద్రుని వద్దకు

2008 అక్టోబరు 22న చంద్రయాన్-1 శ్రీహరికోటనుండి బయలుదేరింది. చంద్రుని నేలమీద నీటి అణువుల ఆనవాలు ఉన్నదని దానిలోని పరికరాలు తెలిపినవి, ఆ వార్త 2009 సెప్టెంబరులో ప్రపంచానికి వెల్లడయింది. అంతవరకు చంద్రుని నేల ఎండిన బూడిద అనే అనుకున్నారు.

2019 జులై 22న చంద్రయాన్-2 వెళ్ళింది. సెప్టెంబరు 7వ తేదీ వేకువకు ముందు దాని విక్రమ్ అనే వాహనం చంద్రునిపై దిగుతూ, చివరి ఘట్టంలో వేగం అదుపు తప్పి పడిపోయింది. అయినా చుట్టూ తిరిగే భాగం చెడలేదు. అది తీసిన స్పష్టమైన చిత్రాలు తరువాతి ప్రయత్నానికి దిగేచోటు ఎంచుకొనడానికి ఉపయోగించినవి.

2023 జులై 14న చంద్రయాన్-3 లేచింది. 1969లో అపోలో-11 నాలుగు రోజులలో చంద్రుని చేరగా దీనికి 40 రోజులు ఎందుకు పట్టినవి? అపోలోకు మహాబలమైన రాకెట్టు ఉండెను, నేరుగా పోయింది. మనవారు తక్కువ ఇంధనంతో పని జరుపుకొనడానికి మొదట భూమి చుట్టూ కోడిగ్రుడ్డు వంటి కక్ష్యలో తిప్పి, అది భూమికి దగ్గరగా వచ్చిన ప్రతిసారి కొంచెం తోపు ఇచ్చి, కక్ష్యను క్రమంగా సాగదీసి, చివరకు చంద్రునివైపు మళ్ళించినారు. ఉయ్యాలను ఒక్కసారి బలంగా లాగక, వచ్చినప్పుడల్లా మెల్లగా తోసే పద్ధతి ఇది. ఆగస్టు 5న చంద్రుని కక్ష్యలో ప్రవేశించి, 23వ తేదీ సాయంత్రం 6 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి సమీపంలో, 69 డిగ్రీల దక్షిణ అక్షాంశంపై దిగింది. అంత దక్షిణాన మెల్లగా దిగిన మొదటి వాహనం అదే.

ఆ తేదీని ఎంచుకున్నది కూడ చంద్రకళను అనుసరించియే. చంద్రునిపై పగలు మన లెక్కలో 14 రోజులు, రాత్రి 14 రోజులు. యంత్రాలు సూర్యరశ్మితో పనిచేసేవి కనుక, దిగేచోట సూర్యుడు అప్పుడే ఉదయించి ఉండవలెను. ఆ ప్రదేశానికి తెల్లవారినప్పుడు మనకు ఆకాశంలో చంద్రుడు సగానికి చేరువగా ఉంటాడు. శుక్లపక్షంలో అమావాస్యనుండి రోజులు లెక్కించి దిగే ముహూర్తం పెట్టినారన్నమాట. మన పెద్దలు పండుగలకు లెక్కించే ఆ తిథులే, ఇక్కడ యంత్రానికి వెలుగునిచ్చినవి.

చంద్రయాన్-2లో దిగడానికి నిర్ణయించిన స్థలం అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు మాత్రమే. ఈసారి దానిని 4 కి.మీ. పొడవు, 2.4 కి.మీ. వెడల్పునకు పెంచినారు. కాళ్ళు బలపరచినారు, ఇంధనం అధికంగా పెట్టినారు. నేలను తానే చూచి, గుంటలు, బండలు లేనిచోటు ఎంచుకొనే కెమెరాలు అమర్చినారు. అనగా లెక్క ప్రకారం పోయిన యంత్రం కూడ చివరి నిమిషాలలో కన్ను తెరచి చూచి దిగింది. తరువాత ప్రజ్ఞాన్ అనే చిన్న బండి సుమారు 100 మీటర్లు నడిచి, ఆ నేలలో గంధకం ఉన్నదని కనుగొన్నది. నేలలోనికి 10 సెంటీమీటర్లు గ్రుచ్చిన ఉష్ణమాపకం, పైన వేడిగా ఉన్న నేల కొద్ది సెంటీమీటర్ల లోతులోనే గడ్డకట్టే చలిగా ఉన్నదని తెలిపింది. సెప్టెంబరు మొదటివారంలో అక్కడ రాత్రి కావస్తుండగా రెండింటినీ నిద్రపుచ్చినారు. అవి మరల మేల్కొనలేదు. చేయవలసిన పని అప్పటికే పూర్తిచేసినవి.

మనము చేయవలసినది

లెక్క ఉంటే చూపుతో పనిలేదనీ, చూపు ఉంటే లెక్కతో పనిలేదనీ కొందరు వాదిస్తారు. పైన చెప్పిన ప్రతి సంఘటనలోనూ రెండూ కలిసియే పనిచేసినవి. లెక్క మనకు ఎక్కడ చూడవలెనో చెపుతుంది, చూపు ఆ లెక్క నిజమో కాదో తేల్చుతుంది. 1979లోనూ, 2019లోనూ లెక్కకు, జరిగినదానికి పొంతన కుదరలేదు. శాస్త్రజ్ఞులు దానిని దాచలేదు, లోపం వెదకి సవరించినారు. శాస్త్రమనగా ఇదే.

విద్యార్థులారా! రాకెట్టు లేచినప్పుడు మన మేడలమీదినుండి తూర్పున ఆ వెలుగును చూచి చప్పట్లు కొట్టి, అది ఎవరో పెద్దవారి పని అని దిగిపోకండి. నిజామియా వేధశాలలో నక్షత్రాలు కొలిచినవారు, శ్రీహరికోటలో రాకెట్టు నిలిపినవారు కూడ మీవంటి తరగతి గదులలోనుండి వచ్చినవారే. ఒక చిన్న పని చేయండి. ఒక నోటుపుస్తకం తీసుకొని, వచ్చే అమావాస్య క్షణాన్ని పంచాంగంలో చూచి వ్రాసుకొనండి. మరునాటి సాయంత్రం సూర్యాస్తమయ సమయం వ్రాసుకొని, చంద్రుని వయస్సు గంటలలో కట్టండి. మేడయెక్కి పడమటివైపు చూడండి. కనబడినదా, లేదా వ్రాయండి. పన్నెండు నెలలు ఇట్లు చేస్తే, ఎన్ని గంటల చంద్రుడు మన రేణిగుంట కంటికి అందుతాడో మీ పుస్తకమే చెపుతుంది. అప్పుడు పండుగనాటి వాదంలో మీ మాటకు విలువ ఉంటుంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఒక చిన్న దూరదర్శిని మన కళాశాలకు సమకూర్చితే, ఉర్దూ తరగతివారు, తెలుగు తరగతివారు నెలకొక సాయంత్రం దాని ముందు వరుసలో నిలబడగలరు. శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగాలను ప్రజలు చూడడానికి 2019లో ప్రత్యేకంగా ఏర్పాటు చేశారు. ఏడాదికొకసారి విద్యార్థులను అక్కడికి తీసుకొనిపోవుట మనకు భారమైన పని కాదు.

ఆనాడు ప్రశ్న అడిగిన విద్యార్థిని ఆ తరువాత ఒక సాయంత్రం వరండాలో కనబడి, “సార్, ఈసారి అన్నయ్య ఫోన్ చేస్తే నేనే చెపుతాను, మీకు ముందు ఎందుకు కనబడుతుందో” అన్నది. ఈ వ్యాసం వ్రాయడానికి అంతకంటె వేరు కారణం నాకు అక్కరలేదు.